ఆడుకోని బొమ్మకే అంత ధర!

పింగాణీ మొహం, గాజు కళ్లు, పట్టు గౌను... నూట యాభై ఏళ్ల కిందట పారిస్‌లో పుట్టిన బొమ్మల కోసం నేటికీ లక్షలు పోసేవాళ్లున్నారు. అంతగా ఏముంది వాటిలో?

1851లో లండన్‌లో ప్రపంచ దేశాల వస్తువులతో ఓ మహా ప్రదర్శన జరిగింది. పారిస్ నుంచి పియర్ ఫ్రాన్స్వా జుమో అనే వ్యాపారి తన బొమ్మల్ని అక్కడికి పంపాడు. న్యాయనిర్ణేతలు చూశారు. పతకం కూడా ఇచ్చారు. బొమ్మలకు కాదు... వాటికి తొడిగిన గౌన్లకు! బొమ్మల సంగతంటారా, వాటిలో మెచ్చుకోదగ్గదేమీ లేదని నివేదికలో తేల్చేశారు.

అలా తీసిపారేసిన జుమో పేరు వింటేనే ఇప్పుడు వేలంపాటల్లో సేకర్తలు చెవులు రిక్కిస్తారు. పాతికేళ్లలో కథ తిరగబడింది మరి. 1873లో పారిస్ శివార్లలోని మోంత్రెయ్‌లో జుమోలు సొంతంగా బట్టీ పెట్టి తలలు తామే కాల్చుకోవడం మొదలుపెట్టారు. వ్యాపారం కొడుకు ఎమీల్ చేతికి వచ్చాక 1878 పారిస్ ప్రదర్శనలో ఏకంగా బంగారు పతకం! ఎమీల్ ఆ ముచ్చటను ఊరికే వదల్లేదు. బొమ్మ వీపు మీద, పెట్టె మీద, చివరికి బుల్లి బూటు అడుగున కూడా అచ్చేయించాడు.

చూపులోనే ఉంది గుట్టు

ఫ్రెంచి బొమ్మను చూసినవాళ్లు ముందు చెప్పేది కళ్ల గురించే. అవి మామూలు గాజు గోళీలు కావు. సన్నటి గాజు పోగుల్ని నల్లగుడ్డు చుట్టూ కిరణాల్లా అమర్చి, పైన స్వచ్ఛమైన గాజు పొర కప్పుతారు. దాంతో కంటికి లోతొస్తుంది. గదిలో ఎటు నడిచినా మన వంకే చూస్తున్నట్టుంటుంది.

ఇక మొహం. మెరుపు పూత లేని పింగాణీ అది. బిస్క్ అంటారు. టీ కప్పులా తళతళలాడదు, పసిపిల్ల బుగ్గలా నునుపుగా, మసగ్గా ఉంటుంది. తెల్లమట్టితో అచ్చు తీసి కాల్చాక ఒంటి రంగు పూసి మళ్లీ కాలుస్తారు. బుగ్గలకు ఎరుపు అద్ది, కనుబొమల్ని, కనురెప్పల్ని సన్నటి కుంచెతో వెంట్రుక వెంట్రుకగా గీసి ఇంకోసారి కాలుస్తారు. నడినెత్తిన వదిలిన ఖాళీలోంచి కళ్లు బిగించి, ఆ కంతకు బెండు మూత పెట్టి, దానిమీద విగ్గు కూర్చోబెడతారు.

1880ల్లో జుమో ఫ్యాక్టరీ నుంచి ఏటా లక్షల్లో బొమ్మలు బయటికొచ్చాయి. అయినా కనుబొమలు గీసింది మనిషి చెయ్యే. అందుకే ఒకే అచ్చులో పుట్టిన రెండు మొహాలు అచ్చు గుద్దినట్టు ఉండవు. ఒకటి అలిగినట్టు, ఇంకొకటి ఏదో అడగబోతున్నట్టు ఉంటాయి. కోల మొహంతో కాస్త దిగాలుగా కనిపించే ఓ జుమో రకానికైతే సేకర్తలు ‘దిగులు పాప’ అనే పేరే పెట్టుకున్నారు. పది బొమ్మలున్నవాళ్లు పదకొండోది ఎందుకు కొంటారన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

అంతకుముందు 1860ల్లో పారిస్ బొమ్మంటే పసిపాప కాదు, సన్న నడుముతో నిలబడే దొరసాని! ఆమెకో ట్రంకుపెట్టె. అందులో పగటి గౌను, విందు గౌను, చేతితొడుగులు, విసనకర్ర... సకల హంగులూ ఉండేవి. పెద్దింటి పిల్ల రేపు ఎలా ముస్తాబవ్వాలో ముందుగా నేర్పే పాఠమన్నమాట. 1870ల చివరికి మోజు మారింది. చిన్నపిల్లలాంటి ‘బేబే’లు రాజ్యమేలాయి. బ్రూ కంపెనీ 1879లో పాలు తాగే పాపకు పేటెంటు తీసుకుంది. తల వెనక మర తిప్పితే నోట్లోని పాలు లోపలికి పోతాయి. జుమో 1893లో ఏకంగా మాట్లాడే పాపను తెచ్చాడు. ఆన్రి లియొరే అనే గడియారాల నిపుణుడు తయారుచేసిన బుల్లి ఫోనోగ్రాఫ్ ఆ పాప గుండెలో ఉండేది.

ఇవన్నీ కలిగినవారి ముచ్చట్లే. విక్టర్ హ్యూగో ‘లే మిజరబ్ల్’ నవలలో కొజెత్ అనే అనాథ పిల్ల దుకాణంలో ఉన్న పెద్ద బొమ్మను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడుతుంది. నాగయ్య నటించిన 1950 నాటి ‘బీదలపాట్లు’ చిత్రానికి ఆధారం ఈ నవలే. అప్పట్లో చాలామంది ఆడపిల్లలు అలా దూరం నుంచి చూసి సంబరపడినవాళ్లే.

టార్చిలైటు పరీక్ష

వేలంలో బొమ్మ విలువ కట్టే తీరు చూస్తే పెళ్లిచూపులు గుర్తుకు రావాల్సిందే. విగ్గు తీస్తారు. తలలోకి దీపం పెట్టి చూస్తారు. వెంట్రుకవాసి బీట కనిపించినా ధర సగానికి పడిపోవచ్చు. అతినీలలోహిత కాంతిలో చూస్తే దాచిన మరమ్మతు బయటపడుతుంది. మెడ వెనక ముద్ర, నంబరు చదువుతారు. విగ్గు అసలుదేనా, గౌను అప్పటిదేనా, బూట్లు ఈ బొమ్మవేనా... అన్నీ లెక్కే. నకళ్ల బెడదా ఉంది. అయితే మట్టి కాలినప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి పాత తల నుంచి అచ్చు తీసి చేసిన నకలు అసలు కంటే కాస్త చిన్నదవుతుంది. కొలబద్ద తెలిసినవాడి ముందు మోసం సాగదు.

విచిత్రమేమిటంటే, ఈ పరీక్షలన్నీ నెగ్గాలంటే ఆ బొమ్మతో ఏ పిల్లా ఆడుకుని ఉండకూడదు. తల దువ్వి, నీళ్లు పోసి, పక్కలో పడుకోబెట్టుకున్న బొమ్మ అరిగిపోతుంది. పాడవుతుందని అమ్మ బీరువా పైన దాచేసిందే నిగనిగలాడుతూ మిగులుతుంది. పిల్లల కోసం చేసిన వస్తువుకు పిల్లల చెయ్యి తగలకపోతేనే విలువ!

హ్యూగెట్ క్లార్క్ సంగతే చూడండి. రాగి గనుల కోటీశ్వరుడి కూతురు. 1906లో పారిస్‌లోనే పుట్టింది. అమెరికాలో పెద్ద పెద్ద ఇళ్లు ఖాళీగా పెట్టుకుని చివరి 20 ఏళ్లు న్యూయార్క్ ఆసుపత్రి గదుల్లో గడిపింది. మనుషుల్ని పెద్దగా కలిసేది కాదు, జుమో, బ్రూ బొమ్మలంటే మాత్రం ప్రాణం. 2011లో, 105వ పుట్టినరోజుకు రెండు వారాల ముందు కన్నుమూసింది. బొమ్మల్ని తనను చూసుకున్న నర్సుకు రాసిచ్చింది. బంధువులు కోర్టుకెక్కారు. 2013 నాటి ఒప్పందంలో బొమ్మలు నర్సుకు దక్కలేదు, ఓ కళా సంస్థకు వెళ్లాయి.

ఇంత వైభవమూ నిలిచింది కొద్దికాలమే. జర్మన్ ఫ్యాక్టరీలు చవగ్గా బొమ్మలు కుమ్మరించేసరికి ఫ్రెంచివాళ్లు తట్టుకోలేకపోయారు. 1899లో జుమో, బ్రూ తదితర కంపెనీలు ఒకే సంస్థగా కలిసిపోయాయి. కలిసి బతికాయి గానీ పాత పనితనం తగ్గింది. ఆ ఓటమికి కొసమెరుపూ ఉంది. 2014లో లండన్ బోన్‌హామ్స్ వేలంలో ఓ బొమ్మ 2,42,500 పౌండ్లు పలికి అప్పటికి ప్రపంచ రికార్డు కొట్టింది. అప్పటి మన లెక్కలో దాదాపు 2.4 కోట్లు. అది జర్మన్ బొమ్మ!

అయితే ఆ కలిసిన సంస్థ నుంచే అందరికంటే ఎక్కువగా పిల్లల ఒళ్లో పెరిగిన బొమ్మా వచ్చింది. 1905లో ‘లా సెమేన్ ద సుజెత్’ అనే ఆడపిల్లల వారపత్రిక మొదలైంది. ముందుగా చందా కట్టినవాళ్లకు బ్లూయెట్ అనే 27 సెంటీమీటర్ల బొమ్మ ఉచితం. ఆ బొమ్మకు సరిపోయే గౌన్ల కటింగ్ నమూనాలు పత్రికలో వచ్చేవి. పిల్లలకు ఆటలోనే కుట్టుపని అబ్బాలన్నది ఆలోచన. 1960 దాకా బ్లూయెట్‌కు కొత్త బట్టలు వస్తూనే ఉన్నాయి.

ఆ నమూనాలు ముందేసుకుని గౌన్లు కుట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొలత సరిచూడాలంటే మాత్రం బొమ్మను అద్దాల బీరువాలోంచి తీసి ఒళ్లో పెట్టుకోక తప్పదు!