చేయి మరచిన పని

ప్రాణము దక్కించిన మాత్రమున వైద్యధర్మము ముగియునా? జ్వరము విడిచినవాడు నాలుగు దినములలో మంచము దిగి తన పని తాను చేసికొనును. పక్షవాతము సోకినవాని గతి యట్టిది గాదు. ప్రాణము నిలిచినను కాలుసేతులు స్వాధీనము తప్పియుండును. ఔషధము చాలించిన ఆ చోట ఫిజియోథెరపీ యను శాస్త్రము పూనుకొనును. మనలో పెక్కండ్రు దానిని తైలమర్దనమునకు మారుపేరుగా నెంచుచున్నారు. అమెరికాలోని అట్లాంటా నగరమున ఎమరీ విశ్వవిద్యాలయమందు ఆ శాస్త్రమును బోధించుచు పరిశోధించిన ఆచార్య స్టీవెన్ వుల్ఫుగారి కృషిని గమనించినవారికి ఆ భ్రమ తొలగును.

వాతము సోకిన చేయి నిజముగా చచ్చినదా, లేక పనిని మరచినదా? ఇదియే వారి ప్రశ్న. స్పర్శనాడులు తెగిన చేతిని కోతి వాడుట మానివేయుననియు, మంచి చేతిని కట్టివేసినచో ఆ చేతినే మరల వాడుననియు మనశ్శాస్త్రజ్ఞుడగు ఎడ్వర్డ్ టాబ్ కనుగొనియుండెను. తొలుత యత్నించి విఫలమైన ప్రాణి యత్నమునే మానివేయును. మానుట క్రమముగా అలవాటగును. వుల్ఫుగారును వారి సహచరియు 1981లో ఒక పక్షవాతరోగి మంచి చేతిని నిర్బంధించి ఈ సూత్రమును పరీక్షించిరి.

అనంతరము వారి నాయకత్వమున ఏడు విద్యాకేంద్రములలో 222 మంది రోగులపై జరిగిన పరీక్షాఫలితములు 2006లో ప్రకటితమైనవి. వీరందరు వాతము వచ్చి మూడు మొదలు తొమ్మిది నెలలైనవారు. మణికట్టును, వ్రేళ్లను కొంచెమైనను చాపగలవారు. ఒక వర్గమువారు రెండు వారములు, మేలుకొనియున్న కాలములో నూటికి 90 వంతులదాక, మంచి చేతికి తొడుగు ధరించి, పనిదినములలో ఆరు గంటలవరకు రెండవ చేతితో సాధన చేసిరి. రెండవ వర్గమువారికి వాడుకలోని చికిత్సయే జరిగెను. సంవత్సరము గడచిన పిమ్మట కొలువగా, నియమిత కార్యములకు సగటున పట్టుకాలము మొదటివారికి 19.3 సెకండ్లనుండి 9.3కు, రెండవవారికి 24.0నుండి 17.7కు తగ్గెను. పెన్సిలు నెత్తుట, తువ్వాలు మడచుట, తాళపుచెవి త్రిప్పుట మొదలగునవే ఆ కార్యములు. ఆ కొలతపద్ధతియు వుల్ఫుగారి పేరనే ప్రసిద్ధము.

వృద్ధులు తూలి పడిపోవుటయు వారి పరిశోధనకు విషయమైనది. డెబ్బదియేండ్లు దాటిన 200 మందితో జరిగిన పరీక్షలో, చీనాదేశపు ప్రాచీన వ్యాయామమగు తాయ్‌చీ నభ్యసించినవారికి పలుమార్లు పడు ప్రమాదము నూటికి 47.5 వంతులు తగ్గినదని 1996లో తెలియవచ్చెను. పరదేశవిద్యయని త్రోసిపుచ్చక, ప్రాచీనమని పూజింపక, దానిని కొలిచి స్వీకరించిన ఆ బుద్ధి మనకు ననుకరణీయము. మన యోగాసనములకును ఇట్టి పరీక్షయే నిజమైన గౌరవము.

ఇక మన యిండ్ల సంగతి. కుడిచేయి పడిపోయిన పెద్దకు ఎడమచేత భుజించుట సంకోచము. ఇల్లాలు అన్నము కలిపి నోటికందించును. కుమారుడు చొక్కా తొడుగును. ఆ ప్రేమ వందనీయమే. కాని కొంచెము కదలు చేతికి సయితము పని లేకుండ జేయు సేవ, ఆ చేతికి మరపునే నేర్పును. గ్లాసు నెత్తుటకు పది నిమిషములు పట్టినను పట్టనిండు. చెంత నిలిచి చూచుట కష్టమైన సేవయే. ఇది ఎల్లరకు నొకేరీతి వర్తింపదు. కదలికయే లేని చేతికి మార్గము వేరు. ఆ భేదము నెరిగి చెప్పువాడే ఫిజియోథెరపిస్టు.

2021లో భారత పార్లమెంటు చేసిన చట్టమున ఈ వృత్తికి జాతీయ కమిషను క్రింద స్థానము లభించినది. చట్టము కాగితమున నుండిన చాలదు. నగరమునకు రాలేని రైతునకు తన యూరి చేరువ ఆసుపత్రిలోనే ఈ శిక్షణ దొరకవలెను. నాగలి పట్టిన చేయి మరల ముద్ద నెత్తుటయు స్వాతంత్ర్యమే యని మా యభిప్రాయము.