మేడారం జాతరకు ట్రాక్టర్ కడుతున్నారా? దగ్గరి దారి కాదు.. పగటి దారి చూసుకోండి!

మేడారం జాతర అంటే ట్రాలీకి పైన పరదా, లోపల గడ్డి పరుపు, బియ్యం మూటలు, వంట సామాను, అమ్మవార్లకు బెల్లం.. అంతా సర్దుకుని బయలుదేరడమే. ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లేవాళ్లు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ పని ట్రాక్టర్ చేస్తోంది. నాలుగు రోజులు ట్రాలీయే ఇల్లు.

అయితే 2026 జాతరకు ఒక తేడా ఉంది. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. అంటే మూడు వారాలకు పైగా ముందే వచ్చేసింది. చలి ఇంకా పోదు. అడవిలో, వాగుల దగ్గర, చెరువు కట్టల పక్కన తెల్లవారుజామున పొగమంచు దిగే రోజులివి. మరి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి ట్రాక్టర్‌తో వెళ్లేవాళ్లు ఏ దారి పట్టాలి? ఎన్ని గంటలకు బయలుదేరాలి?

కారుకు మంచి దారి.. ట్రాలీకి కాకపోవచ్చు

ఫోన్‌లో మ్యాప్ పెడితే తక్కువ టైమ్ పట్టే దారి చూపిస్తుంది. వెనకాల ట్రాలీ ఉందన్న సంగతి దానికి తెలియదు. సామాను నిండిన ట్రాలీ చాలాసార్లు ట్రాక్టర్ కంటే ఎక్కువ బరువుంటుంది. పైగా మన పొలం ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. దిగుడులో ట్రాక్టర్ ఆగినా ట్రాలీ ఆగదు, వెనక నుంచి తోస్తుంది. మలుపులో అదే జరిగితే ట్రాలీ అడ్డం తిరిగి ట్రాక్టర్‌ను కూడా బోల్తా కొట్టిస్తుంది.

అందుకే ట్రాలీకి దారి ఎంచుకునేటప్పుడు మూడే ప్రశ్నలు వేసుకోవాలి. దిగుడు మలుపులు ఎన్ని? బండి ఆపుకోవడానికి పక్కన జాగా ఉందా? మంచు పడే వేళకు మనం ఎక్కడ ఉంటాం?

జనగామ నుంచి..

163వ నంబర్ జాతీయ రహదారే సరైన దారి. హన్మకొండ ఊళ్లోకి దిగకుండా ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్తే ట్రాఫిక్ బాధ తగ్గుతుంది. అక్కడి నుంచి ములుగు, పస్రా, నార్లాపూర్ మీదుగా మేడారం. మొత్తం దాదాపు 150 కిలోమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల లెక్కన ఆగకుండా నడిపినా ఆరు గంటలు. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి మొక్కి, తిండికి, టీకి ఆగితే ఎనిమిది గంటలు అనుకోండి. పొద్దున 8కి మంచు విడిచాక కదిలితే సాయంత్రం 4కి చేరతారు. పొద్దు గూకేలోపు టెంటు వేసుకోవచ్చు.

చాలామంది చేసేది దీనికి రివర్స్. ‘రాత్రి ట్రాఫిక్ ఉండదు, ఏం గాదు బావా, పోనియ్’ అని అర్ధరాత్రి బండి తీస్తారు. సరిగ్గా మంచు ముదిరే వేళకు, డ్రైవర్‌కు నిద్ర ముంచుకొచ్చే వేళకు అడవిలో ఉంటారు.

మహబూబాబాద్ నుంచి..

కొత్తగూడ, గంగారం వైపు అడవి దారులు దగ్గర అనిపిస్తాయి. కానీ ఇరుకు రోడ్డులో ఎదురుగా బస్సు వస్తే ట్రాలీతో వెనక్కి రావడం అంత తేలిక కాదు. గూడూరు, నర్సంపేట మీదుగా మల్లంపల్లి దగ్గర జాతీయ రహదారి ఎక్కి ములుగు వెళ్లడం మేలు. కాస్త చుట్టు అయినా దారి పొడవునా ఊళ్లుంటాయి. టైరు పంచరైనా, పిన్ను విరిగినా సాయం దొరుకుతుంది.

భూపాలపల్లి నుంచి..

వీళ్లకు మేడారం దగ్గరే. కమలాపూర్ క్రాస్, బయ్యక్కపేట, నార్లాపూర్ మీదుగా అడవి దారి ఉంది. కానీ గత జాతరల్లో ప్రైవేటు వాహనాల తిరుగు ప్రయాణానికి ఈ దారినే వన్‌వేగా వాడారు. జాతర రోజుల్లో ఎదురు వెళ్తే మధ్యలో ఆపేస్తారు. ట్రాలీతో అక్కడ బండి తిప్పుకోవడమే కష్టం. కాబట్టి బయలుదేరే ముందు రోజు పోలీసుల రూట్ మ్యాప్ చూసుకోవడం తప్పనిసరి.

జనగామ, మహబూబాబాద్ వాళ్లకూ ఇందులో ఒక పాయింట్ ఉంది. వచ్చిన దారిలోనే తిరిగి పంపుతారనే గ్యారంటీ లేదు. భూపాలపల్లి, పరకాల మీదుగా రావాల్సి వస్తే ఆ రోడ్డులో బొగ్గు లారీలు తిరుగుతుంటాయి. అదనంగా డీజిల్ పెట్టుకోండి. తిరుగు ప్రయాణం కూడా పొద్దున పూటే పెట్టుకోండి.

హైవేలో ప్రమాదం ముందు కాదు.. వెనక!

చిన్న లెక్క చూడండి. మంచులో 50 మీటర్లే కనిపిస్తోంది. మీ ట్రాలీ 20 స్పీడ్‌లో ఉంది. వెనక కారు 80లో వస్తోంది. లైటు లేని ట్రాలీ ఆ డ్రైవర్‌కు కనిపించాక మిగిలేది మూడు సెకన్లు! అందులో ఒకటిన్నర సెకను బ్రేక్ మీద కాలు వేయడానికే పోతుంది. వెనక వెలిగే ఎర్ర లైటు, అడ్డంగా, నిలువుగా రేడియం స్టిక్కర్లు ఉంటే అదే ట్రాలీ చాలా ముందే కనిపిస్తుంది. పరదా వేలాడి వాటిని కప్పేయకుండా చూసుకోవాలి.

దారిలో మంచు కమ్మితే నడుపుతూ పోవద్దు. రోడ్డు మీద ఆపొద్దు. పెట్రోల్ బంకులోకో, ఊరి మొదట్లో ఖాళీ జాగాలోకో దిగి ఎండ వచ్చేదాకా ఆగాలి.

బయలుదేరే ముందు ఇవి చూసుకోండి

* పొలంలో ఎడమ, కుడి బ్రేకులు విడివిడిగా వాడతారు. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ కలిపి లాక్ చేయాలి. లేదంటే ఒక్క చక్రమే ఆగి బండి గిర్రున తిరుగుతుంది.
* దిగుడు మొదలవకముందే చిన్న గేరులోకి రావాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేస్తే ఇంజిన్ పట్టు పోతుంది. బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.
* రెండు చక్రాల ట్రాలీలో బరువంతా వెనక వేయొద్దు. కొక్కెం పైకి లేచి ట్రాక్టర్ వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది. బియ్యం, బెల్లం లాంటి బరువులు ఇరుసు మీదకు, కొంచెం ముందుకు సర్దాలి.
* ట్రాలీ పిన్నుకు లాక్ ఉండాలి. తోడుగా గొలుసు కట్టాలి.

మరి ఇంటిల్లిపాదీ ఎందులో?

అసలు విషయం ఇదే. పొలం ట్రాలీ సామానుకే. అందులో మనుషులను తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. ఏదైనా జరిగితే బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. పక్కన సీటు బెల్టు లేదు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. ట్రాలీ బోల్తా పడితే పైనున్న పిల్లలు, ముసలివాళ్లు బరువుల కింద పడతారు.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. సామాను ట్రాక్టర్‌లో, మనుషులు బస్సులో. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. 2024 జాతరలో ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం కూడా అమలైంది. ట్రాక్టర్ పొద్దున ముందు బయలుదేరితే, బస్సులో వాళ్లు వచ్చేసరికి టెంటు రెడీగా ఉంటుంది.

జాతీయ రహదారిపై ఇబ్బంది వస్తే 1033కు, అంబులెన్స్‌కు 108కు, పోలీసులకు 112కు ఫోన్ చేయాలి. ఈ మూడు నంబర్లూ డ్రైవర్ ఫోన్‌లోనే కాదు, బస్సులో వెళ్లేవాళ్ల ఫోన్లలోనూ సేవ్ చేసి పెట్టండి. రెండు గంటలు ఆలస్యమైనా పర్లేదు. సమ్మక్క, సారలమ్మలు గద్దెల మీదే ఉంటారు. అందరం క్షేమంగా చేరడమే ముఖ్యం.