‘హాబీ: చెస్’ అని రాశారా? అయితే ఈ గుర్రం కథ చూడండి

మీ రెజ్యూమేలో చివరి లైను ఓసారి చూసుకోండి. ‘హాబీస్: చెస్, మ్యూజిక్’ అని ఉందా? కోనేరు హంపికి ఓఎన్‌జీసీలో ఉద్యోగం వచ్చింది చెస్‌తోనే. మనలో చాలామందికి అది ఒక లైను మాత్రమే. కానీ ‘ఏ ఓపెనింగ్ ఆడతారు? అదే ఎందుకు?’ అని అడిగితే?

ఈమధ్య బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో ఒక ఆట చూశాను. 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ ఉన్నది అక్కడే. తెల్లపావులు నిజామాబాద్ నుంచి వచ్చిన బీటెక్ ఫైనలియర్ కుర్రాడివి. నల్లపావులు ఒక రిటైర్డ్ పెద్దాయనవి.

ఇటాలియన్ గేమ్‌తో మొదలైంది. తెల్ల బిషప్ సీ4లో కూర్చుంది, నాలుగో ఎత్తుకి గుర్రం జీ5కి దూకింది. రెండింటి గురీ ఎఫ్7 బంటు మీదే. దానికి కాపలా రాజొక్కడే. నల్ల బంటు డీ5కి వచ్చింది, తెల్ల బంటు దాన్ని కొట్టింది. ఇక్కడ నల్ల గుర్రం తిరిగి కొడితే తెల్ల గుర్రాన్ని ఎఫ్7లో బలిచ్చి రాజును బయటికి లాగొచ్చు. దీని పేరు ఫ్రైడ్ లివర్. 400 ఏళ్ల నాటి ట్రాప్, యూట్యూబ్‌లో ఇప్పటికీ గిరాకీయే!

పెద్దాయన కొట్టలేదు. రెండో గుర్రాన్ని ఏ5కి జరిపి బిషప్‌కే గురిపెట్టారు. ‘వీడియోల ఇది చెప్పలేదా బిడ్డా?’ అన్నారు నవ్వుతూ. బిషప్‌ను బీ5లో పెట్టి చెక్ ఇవ్వడం పుస్తకం చెప్పే దారి. కుర్రాడు బీ3కి లాగాడు. గుర్రం బిషప్‌ను తినేసింది, తెల్ల బంటు ఆ గుర్రాన్ని కొట్టింది. అప్పుడు రెండో నల్ల గుర్రం డీ5 బంటును తీసుకుంది. కుర్రాడికి ఇది తెలిసిన బొమ్మలాగే కనిపించింది. ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చి, క్వీన్‌తో ఎఫ్3 నుంచి చెక్ ఇచ్చాడు.

అసలు ట్రాప్‌లో డీ5 గుర్రం కదల్లేదు. కదిలితే సీ4 బిషప్ దారి తెరుచుకుని రాజుకు చెక్. అందుకే రాజు బయటికి రాక తప్పదు. ఇక్కడ ఆ బిషప్పే లేదు! పెద్దాయన గుర్రం తాపీగా ఎఫ్6కి వచ్చి చెక్‌కు అడ్డం నిలబడింది. ఒక బంటుకు ఒక గుర్రం పోయినట్టే.

ప్రాజెక్ట్ వైవాలో ‘ఈ డేటాబేస్ ఎందుకు వాడావు?’ అంటే ‘ట్యుటోరియల్‌లో అదే ఉంది సార్’ అనేదీ ఇదే బాపతు.

లిచెస్‌లో అనాలిసిస్ ఉచితం. ఇంటర్వ్యూకి ముందు మీరు ఓడిన ఆట ఒకటి తెరిచి, మొదటి ఎనిమిది ఎత్తులకు ఒక్కోదానికి కారణం తెలుగులోనే రాసి చూడండి. ఎక్కడ పెన్ను ఆగితే అక్కడి నుంచి చదవండి.