మత్తు డాక్టరు చెయ్యి యాడ్యాడ తిరుగుతాదో తెలుసునా?

మన పెనుకొండ, ధర్మవరం పక్క పల్లెల్లో ఎవరికన్నా ఆపరేషన్ అంటే, హిందూపురం పోవాల్నా, అనంతపురమా, బెంగుళూరా అని రేత్రంతా మాట్లాడుకుంటాం. డాక్టరు మంచోడేనా, ఖర్చెంత అని అడుగుతాం. చేతులు కడిగే సంగతి మాత్రం ఎవురూ ఎత్తరు. నేనైతే అది కూడా అడగాలంటా.

సర్జన్ మోచేతుల దాకా రుద్ది కడిగి, గ్లోవ్స్ ఏసుకున్నాక ఆపరేషన్ సామాన్లు తప్ప ఇంకేదీ ముట్టుకోడు. మత్తు డాక్టరు పని అట్లా కాదు. ఊపిరి గొట్టం ఏసేటప్పుడు చేతికి పేషెంటు ఎంగిలి తగుల్తాది. ఆ ఎంటనే మిషన్ మీటలు తిప్పాల, మందుల డ్రాయరు తెరవాల, సెలైన్ పైపుకుండే చిన్న కొళాయికి సిరంజి పెట్టి మందు ఎక్కించాల. అంతా నిమిషాల్లో. ఆ నడుమ చెయ్యి శుభ్రం చేసుకోకుంటే క్రిములకు నేరుగా నెత్తుట్లోకి దావ దొరికినట్లే. మీటల మీద మిగిలింది తర్వాత వచ్చే పేషెంటుకు. గ్లోవ్స్ ఉండాయి కదా అంటారు. అదే గ్లోవ్స్‌తో అన్నీ ముట్టుకుంటే ఏం లాభం?

ఇది కొత్త గొడవ కాదు. 1847లో వియన్నా ఆస్పత్రిలో శవాల్ని కోసిన చేతుల్తోనే కాన్పులు చేస్తాండ్రి. ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది దాకా బాలింతలు పోయినారు. సెమ్మెల్వైస్ అనే డాక్టరు క్లోరిన్ కలిపిన సున్నం నీళ్లతో చేతులు కడగాల్సిందే అని పట్టుబడితే, జూన్‌కంతా అది నూటికి ఇద్దరి దగ్గరికి దిగింది. అయినా సాటి డాక్టర్లు చానామంది ఒప్పుకోలేదు. మా చేతులు మురికియా అని వాళ్లకు రోషం.

ఇప్పుడు రోషం కంటే తీరిక లేకపోవడం ఎక్కువ. పేషెంటు ఊపిరి చూస్తాండే మనిషి సింకు దాకా యాడ పోతాడు? అందుకే శానిటైజర్ బాటిల్ మత్తు మిషన్‌కే, చెయ్యి చాపితే అందేతట్ల తగిలించాల. రుద్దుకునేకి 20 నుంచి 30 సెకన్లు చాలు. ఇది ఆస్పత్రి నడిపేవాళ్లు చెయ్యాల్సిన పని, ఒక్క డాక్టరును తిట్టి లాభంలేదు. ధర్మవరంలో పట్టుకు మరకంటుతాదని చేతులు కడిగే మగ్గమెక్కుతారు. మనిషి ఒంటికి ఆ మాత్రం జాగ్రత్త వద్దా?

ఆపరేషన్ రూములోకి మనల్ని రానియ్యరు, నిజమే. వార్డులో ఉంటాం కదా. సిస్టర్ సెలైన్‌కు మందు ఎక్కించేకి వచ్చినప్పుడు, "సిస్టర్, శానిటైజర్ ఇయ్యమంటారా?" అని మర్యాదగా అడగండి. మనం కూడా పుండు గుడ్డ ఊరికే ముట్టుకోకూడదు. భేదుల పేషెంటు కాడైతే శానిటైజర్‌ను నమ్ముకోకుండా సబ్బు, నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు కడుక్కోండి. వార్డులో సబ్బు లేకుంటే ఇంటినుంచే ఒకటి తీసకపోండి.