గాలం (చేపల వేట)

గాలం చేపలను పట్టుటకు ఉపయోగించే ఒక సాధనం. కర్ర, దారం, బెండు, సీసపు గుండు, కొక్కెం ఇందులోని ముఖ్య భాగాలు. కొక్కేనికి ఎరగా వానపామును గాని, పిండి ముద్దను గాని గుచ్చుతారు.

ఎంపిక

చేప మేత మేసే లోతును బట్టి గాలాన్ని అమర్చుకోవాలి. తెలుగునాట చెరువులలో పెంచే చేపలలో బొచ్చె (కట్ల) నీటి పైపొరలోను, శీలావతి (రోహు) మధ్యపొరలోను, ఎర్రమోసు (మృగాల) అడుగునను మేస్తాయి. అందువలన బొచ్చెకు బెండునకు, కొక్కేనికి మధ్య దూరం తక్కువగా ఉండాలి. ఎర్రమోసుకు ఎర నేలను తాకేటట్లు గుండు బరువు పెంచాలి. ఐరోపా పోటీలలో పట్టే బ్రీమ్ కూడా వీటికి దగ్గరి సంబంధం గల చేప. అది కూడా ప్రధానంగా అడుగుననే మేస్తుంది. కొక్కేలలో 6వ నంబరు కంటే 10వ నంబరు చిన్నది. దారం మరీ సన్నగా ఉంటే పెద్ద చేప తెంపుకొని పోతుంది. లావుగా ఉంటే చేప బెదురుతుంది.

జాగ్రత్తలు

వేటకు నీటి శుభ్రత కూడా ముఖ్యం. హైదరాబాదులో మూసారాంబాగ్ పక్కగా ప్రవహించే మూసీ నదిలో నగరపు మురుగునీరు కలుస్తుంది. అటువంటి నీటిలో పట్టిన చేపలు తినుట ఆరోగ్యానికి మంచిది కాదు. ఈ జాతి చేపలు వానాకాలంలో గుడ్లు పెడతాయి కనుక ఆ కాలంలో నదులలో వేట మానితే చేపల సంతతి నిలుస్తుంది.