వాడిన నూనె.. పేదల ఇంట వెచ్చదనం

బజ్జీలు, పూరీలు వేయించగా మిగిలిన నూనెను మురుగు కాల్వలో పారబోస్తే జిడ్డు పేరుకొని నీరు నిలిచిపోతుంది. పదేపదే కాచి వాడితే ఆరోగ్యానికి చేటు. అదే నూనెను ఇంధనంగా మార్చి, సేవాసంస్థల ద్వారా నిరుపేదలకు అందించవచ్చునని అమెరికాలోని వెస్టర్లీ పట్టణ విద్యార్థులు నిరూపించారు.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఈ పట్టణంలో 2008లో ఈ కార్యక్రమానికి శ్రీకారం చుట్టారు. హోటళ్లు, ఇళ్ల నుంచి సేకరించిన నూనెను శుద్ధి కర్మాగారాలకు చేర్పించారు. తద్వారా సమకూరిన జీవ ఇంధనాన్ని, చలికాలంలో ఇంటిని వెచ్చబరచుకునే స్తోమత లేని కుటుంబాలకు స్థానిక సేవాసంస్థలు అందజేశాయి. వ్యాపార సంస్థలు వాడిన నూనెను పారవేయక పునర్వినియోగానికి ఇవ్వాలని 2011లో ఆ రాష్ట్రం చట్టం చేసింది.

తయారీ ఇలా..

నూనెను వడగట్టి, తేమను తొలగిస్తారు. మిథనాల్‌ను, ఉత్ప్రేరకంగా కాస్టిక్ సోడాను కలిపి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేస్తారు. బరువైన గ్లిజరిన్ అడుగుకు చేరగా, పైన నిలిచిన బయోడీజిల్‌ను శుభ్రపరుస్తారు. వంద కిలోల నూనెకు దాదాపు అంతే బయోడీజిల్ లభిస్తుంది. నూనెలో నీరుంటే సబ్బుగా మారి దిగుబడి తగ్గుతుంది. మిథనాల్ విషపూరితం, త్వరగా మండే స్వభావం గలది. కనుక ఇళ్లలో ఈ ప్రయత్నం తగదు.

మన దేశంలో..

పోలార్ సమ్మేళనాలు 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించేందుకు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అదే ఏడాది ఆగస్టులో ‘రూకో’ పథకాన్ని ప్రారంభించింది. హోటళ్లవారు ఆ నూనెను నీరు చేరకుండా వేరుగా నిల్వచేసి, అనుమతి పొందిన సేకరణదారులకే ఇవ్వాలి. వచ్చిన సొమ్మును అనాథాశ్రమాలకు కేటాయిస్తే వెస్టర్లీ బాట ఇక్కడా సాధ్యమే.