రెండు పెట్టెల్లో ఒక సంఖ్య

డెయిరీలో పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకండ్లపాటు ఉంచి, వెంటనే చల్లారుస్తారు. ఇందువల్ల రోగాలు కలిగించే సూక్ష్మజీవులు చస్తాయి. ఆ వేడిని కొలిచేది ఒక యంత్రం. దానినిబట్టి ఆవిరిని హెచ్చించేదీ, తగ్గించేదీ మరొక యంత్రం. మరి ఈ రెండూ ఎలా మాట్లాడుకుంటాయి?

యంత్రాలకూ భాషలున్నాయి. 1979లో అమెరికాలోని మోడికాన్ అనే కంపెనీ "మోడ్‌బస్" అనే భాషను తయారు చేసింది. ఈనాటికీ ఎన్నో కర్మాగారాల్లో యంత్రాలు ఈ భాషలో మాట్లాడుకుంటున్నాయి. ఇందులో సంఖ్యలను రిజిస్టర్లనే పెట్టెల్లో ఉంచుతారు. పెట్టెకు 16 గదులు. ఒక్కొక్క గదిలో 0 గాని, 1 గాని ఉంటుంది. అందుచేత ఒక పెట్టెలో 0 మొదలు 65,535 వరకు పూర్ణసంఖ్యలు పడతాయి.

మరి వేడి 72.4 డిగ్రీలుంటే? దానికొక ఉపాయం ఉన్నది. 345.6ను 3.456 × 100 అని రాయవచ్చు. 0.03456ను 3.456 ÷ 100 అని రాయవచ్చు. అంకెలు అవే, చుక్క మాత్రమే జరిగింది. ఇలా అంకెలను వేరుగా, చుక్క చోటును వేరుగా రాసే సంఖ్యను ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య, అనగా తేలే చుక్క సంఖ్య, అంటారు. 1985లో ఏర్పడిన పద్ధతి ప్రకారం సాధారణంగా దీనికి 32 గదులు కావాలి. ధనమా, ఋణమా అని చెప్పటానికి 1, చుక్క చోటుకు 8, అంకెలకు 23.

పెట్టెకు 16 గదులే గదా! కనుక సంఖ్యను రెండు ముక్కలు చేసి రెండు పెట్టెల్లో పెడతారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఏ ముక్క ముందు? ఈ సంగతి మోడ్‌బస్ చెప్పలేదు. కొందరు తయారీదారులు పై ముక్కను ముందు పెట్టారు, కొందరు కింది ముక్కను.

72 డిగ్రీలను ఇలా రాస్తే మొదటి పెట్టెలో 17040, రెండవదానిలో 0 వస్తాయి. అవతలి యంత్రం వీటిని తారుమారుగా చదివిందనుకోండి. అప్పుడు వచ్చే విలువ దశాంశ బిందువు తరువాత 40 సున్నలు పెట్టి 24 వేసినంత. అంటే దాదాపు సున్న! పాలు చల్లగా ఉన్నాయనుకుని యంత్రం ఆవిరిని ఇంకా హెచ్చిస్తుంది. ఇక పాలు ఏమవుతాయో ఆలోచించండి.

అందుకే ఇంజనీర్లు యంత్రంతో వచ్చిన పుస్తకం చూసి వరుస తెలుసుకుంటారు. మామూలు థర్మామీటరుతో కూడా సరిచూస్తారు. రెండు పెట్టెలనూ ఒకే అడుగుడులో తెప్పిస్తారు. విడివిడిగా అడిగితే, ఈలోగా వేడి మారి, పాత సగమూ కొత్త సగమూ కలిసి ఎన్నడూ లేని విలువ వస్తుంది.

మీరూ చేసి చూడండి. ఒక చీటీమీద 19, మరొకదానిమీద 47 రాసి స్నేహితునికి ఇవ్వండి. అతను 1947 అంటాడా, 4719 అంటాడా? చీటీల్లో తప్పేమీ లేదు. వరుస ముందుగా చెప్పుకోకపోవటమే తప్పు.